ఎర్ర ముక్కోణం

ముందే చెప్పేస్తున్నాను, నా మాటకి కొలత ఉండదు. చేలో పత్తి నడుమెత్తు ఉంటే నా కథలో తాటిచెట్టంత ఉంటుంది. కాబట్టి కింద రాసేదాంట్లో సగం తీసేసి చదువుకోండి. ఏ సగమో, మనసొప్పితే, చివర్లో నేనే చెబుతాను.

తొంభైల చివర్లో పత్తికి పచ్చపురుగు తగులుకున్న ఏడు అది. ఒక్కో పురుగు మనిషి బొటనవేలంత. చేలో నిలబడితే అవి కాయలు నమిలే చప్పుడు పెళ్లిభోజనాల బంతిలా వినబడేది. అన్నయ్య కొట్టునుంచి రెండు సీసాలు తెచ్చాడు. ఒకదాని మీద ఎర్ర ముక్కోణం, రెండోదాని మీద ఆకుపచ్చది. నచ్చింది ఉంచుకుని రెండోది తిరిగి ఇచ్చేయమన్నాడట కొట్టాయన. సీసాతో వచ్చిన కాగితం మీద అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నాయి. అన్నయ్య చదువు అయిదో తరగతితో సరి. నేనేమో ఎమ్మే సోషియాలజీ, సెలవులకి వచ్చి తిరిగి హాస్టలుకి బయల్దేరుతున్నాను.

"ఒరేయ్, చదువుకున్నోడివి. ఏది కొట్టమంటావు?" అన్నాడు.

అప్పటికే గుంటూరు బస్సు రోడ్డు మీద హారన్ కొడుతోంది. ఒంగోల్లో వాళ్లు కూడా ఉలిక్కిపడి ఉంటారు. నా కాళ్లు గుమ్మం దాటేశాయి. "ఎర్రది అన్నయ్యా. ఎరుపంటే పవర్ ఎక్కువ," అని చెప్పి పరిగెత్తాను.

రెండ్రోజులకి హాస్టలుకి కబురొచ్చింది. అన్నయ్య మధ్యాహ్నం దాకా మందు కొట్టి, ఇంటికొచ్చి మజ్జిగ తాగి, వాంతులు చేసుకుని, ట్రాక్టరు మీద ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. ఆ ఏడు మా వైపు పత్తిరైతు పోయాడంటే పురుగుమందు తాగాడనే లెక్క. ఇంకోలా కూడా పోవచ్చని ఎవరికీ తోచేది కాదు. పైగా ఆ పొద్దున అన్నయ్యకీ వదినకీ మాటామాటా అయిందని పక్కింటివాళ్లు విన్నారు. ఊరికి అంతకంటే ఏం కావాలి? పెళ్లాం నోటికి జడిసి తాగాడన్నారు. వదిన పంపు దగ్గరికి వెళితే మిగతా బిందెలు పక్కకి జరిగేవి. ఆ చప్పుడు నాకు హాస్టల్లో వినబడేది. ఇది మాత్రం అతిశయోక్తి కాదు.

ముక్కోణం సంగతి నేనెవరికీ చెప్పలేదు. చెప్పే బదులు పీహెచ్‌డీలో చేరాను. పత్తిరైతులు పురుగుమందులు ఎలా ఎంచుకుంటారు, ఎలా కొడతారు అన్నది నా అంశం. దాచేపల్లి వైపు సిమెంటు దుమ్ముకి తెల్లబడి, పొదిలి వైపు ఎండకి నల్లబడి, గుంటూరు మిరప ఘాటుకి కళ్లు ఎర్రబడి, గైడుగారి ముందు నిలబడేసరికి ఏదో పార్టీ జెండాలా ఉండేవాణ్ణి.

నా ప్రశ్నల కాగితంలో పదిహేడో ప్రశ్న: ఎర్ర ముక్కోణానికి అర్థమేమిటి? మనిషికి అన్నిటికన్నా ప్రమాదమైన విషం అని దాని అర్థం. నాకూ పరిశోధనలో చేరాకే తెలిసింది. ఎక్కడ అడిగినా ఒకటే జవాబు, పవర్. పొదిలి దగ్గర ఒక పెద్దాయన నన్ను కింద నుంచి పై దాకా చూశాడు.

"ఎర్రది మొగోడి మందు. ఆకుపచ్చది పూలకుండీలకి. ఏమయ్యా డాక్టరూ, ఇంత చదివి ఇది తెలీదా?"

నాలాంటివాళ్లు ఊరూరా ఉన్నారని తేలేకొద్దీ నా గుండె తేలికపడింది. సిగ్గులేని తేలిక. గైడుగారు ఆ జవాబుని ముఖ్యమైన ఫలితం అన్నారు. నేను వైద్యం అనుకున్నాను.

చివరికి స్ప్రేయర్లు బాగుచేసే సాయిబుగారి దగ్గరికి వెళ్లాను. ప్రశ్నలు మొదలుపెట్టకముందే ఆయన నన్ను గుర్తుపట్టారు. అన్నయ్య ట్యాంకు మూతకి వాషరు పోయిందట. మార్చుకోమంటే, ఈ పత్తి గట్టెక్కాక చూద్దాంలే అన్నాడట. "కొడుతున్నంతసేపూ వీపు మీద కారేదండి," అన్నారు. అన్నయ్య చొక్కా విప్పి కొట్టేవాడు. అంటే తాగలేదు. ఒంట్లోకి ఇంకింది.

డిగ్రీ వచ్చాక మూడు మణుగుల బరువున్న థీసిస్ చంకన పెట్టుకుని వదిన దగ్గరికి వెళ్లాను. ఆవిడ మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. అన్నయ్య తాగలేదని, మందే అలాంటిదని, వాషరు సంగతీ అన్నీ చెప్పాను. వదిన చేతులు ఆగలేదు.

"తాగలేదని నాకు తెలుసబ్బాయ్. ఆ పొద్దున గొడవ ఆ సీసా గురించే. వాసనకే కడుపులో తిప్పుతోంది, వద్దన్నాను. తమ్ముడు చెప్పాడు, మంచి మందంట అన్నాడాయన."

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే చదువు మానేసేవాడివి. సీసా మీద రాత చదివేవాడు ఇంట్లో ఒక్కడైనా ఉండాలిగా."

పంపు దగ్గరికి వెళ్లి అందరి ముందూ ఒప్పుకుంటానన్నాను.

"ఇప్పుడు ఎవరింట్లో వాళ్లకి కుళాయిలొచ్చాయిగా," అంది వదిన.

ఆ రోజు బస్సు తొందరలో ఏదో అనేశానని గొణిగాను. వదిన అప్పుడు మొదటిసారి తలెత్తి చూసింది.

"ఏ బస్సు?"

పురుగుల సైజూ, హారనూ, థీసిస్ బరువూ మీకు తోచినంత తగ్గించుకోండి. నేను పూర్తిగా కల్పించింది మాత్రం ఆ బస్సు ఒక్కటే. ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకుని చెప్పుకుని దానికి చక్రాలు బిగించాను. నేను వెళ్లింది మర్నాడు పొద్దున. అన్నయ్య అడిగినప్పుడు అరుగు మీద పడుకుని వారపత్రిక చదువుతున్నాను. పేజీలోంచి తలెత్తకుండానే ఎర్రదని చెప్పాను. కాగితం మీద అక్షరాలు నిజంగానే చిన్నవి. అప్పట్లో నా కళ్లు బాగానే ఉండేవి.