ఒక్కపూట కుర్చీలు

గుండుగొలను దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో ఆడవాళ్ళు ఇద్దరిద్దరుగా జతకట్టి పనిచేస్తారు. ఒకరు తల తీసి అందిస్తే ఇంకొకరు పొట్టు ఒలుస్తారు. హన్నమ్మకు జత జాయ్సీ. పొరుగింటి పిల్ల, కడుపుతో ఉంది. వెనకా ముందూ ఎవరూ లేని హన్నమ్మకు, రోజు మొత్తంలో మాట్లాడే మనిషంటూ ఉంటే ఆ పిల్లే.

ఐసు నీళ్ళలో చేతులు, తడి గచ్చు మీద కాళ్ళు. పొద్దుగూకేసరికి జాయ్సీ పాదాలు బూరెల్లా పొంగేవి. ఓ స్టూలు వేయించమని హన్నమ్మ అడిగితే సూపర్‌వైజర్ నిత్యానందం, "సరుకు కొనే సూపర్‌మార్కెట్టోళ్ళు ఏటికేడు రేటు కోసేస్తన్నారమ్మా. ఓనరుగారు స్టూళ్ళెక్కడ కొంటారు?" అనేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. వాళ్ళు ఓనరుకు కోస్తే, ఓనరు చెరువు రైతులకూ కూలీలకూ కోసేవాడు.

విదేశాల్లో ఊరూరా కొట్లున్న ఆ సూపర్‌మార్కెట్టే, కూలీలను బాగా చూస్తున్నారో లేదో కనుక్కోమని ఒక తనిఖీ అమ్మాయిని పంపింది. ధర కోసిన చేత్తోనే దయ కూడా చూపించాలి కదా మరి. ఆ పొద్దున టెంట్ హౌస్ నుంచి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు దిగాయి.

"రోజూ ఇలా కూర్చునే చేస్తారాండీ?" అని అడిగింది ఆ అమ్మాయి. ఏం చెప్పాలో నిత్యానందం ముందే అందరికీ నూరిపోశాడు. హన్నమ్మ మాత్రం జాయ్సీ కాళ్ళకేసి చూసింది. అంత పెద్ద కొట్టువాళ్ళు ఒక్క మాటంటే స్టూళ్ళు రావా అనుకుంది.

"లేదండి. ఇయ్యి అద్దెవండి. సాయంత్రం పెళ్ళికెళ్ళిపోతాయండి. మేం రోజూ నిలబడే చేస్తామండి."

సూపర్‌మార్కెట్ స్టూళ్ళ ఊసే ఎత్తలేదు. తన పేరుకు మచ్చ రాకుండా కొనుగోలు గణపవరం షెడ్డుకు మార్చుకుని చేతులు దులుపుకుంది. ఇక్కడ సగం బల్లలు ఖాళీ అయ్యాయి. మిగిలినవాళ్ళు హన్నమ్మను చూసి మాటలు ఆపేసేవారు. జాయ్సీ చెప్పకుండానే గణపవరం షెడ్డులో పనికి చేరిపోయింది. హన్నమ్మ తలా తనే తీసి, పొట్టూ తనే ఒలుచుకుంటూ బల్ల చివర నిలబడేది. ఏడుపొచ్చేది. రొయ్యల చేతులతో కళ్ళు తుడుచుకోలేక అలాగే పని చేసేది.

ఒక ఆదివారం చర్చి బయట ధైర్యం చేసి జాయ్సీని పలకరించింది. ఆ పిల్ల పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.

"నన్నూ ఆ షెడ్డుకి తీసుకెళ్ళవే. మళ్ళీ జత కడదాం."

జాయ్సీ తలెత్తలేదు. "మా ఊరి హన్నమ్మ వస్తే పెట్టుకోవద్దని అక్కడ నేనే చెప్పాను పిన్నీ. వాళ్ళక్కూడా తనిఖీ ఉందంట. నాకీ పని పోకూడదు."

"సరేలేవే. ఒళ్ళు జాగ్రత్త" అని హన్నమ్మ ఇంటిదారి పట్టింది. జాయ్సీ మీద కోపమొస్తే బాగుండును, తోడుగా అదైనా ఉండేది. అదీ రాలేదు.