సమురాయ్ వీపు మీద బెలూన్

2023లో, మొఘల్‌పురాలో మా ఇంటి పై అంతస్తులో నేను నడిపే చిన్న స్టూడియోకి ఒక వీడియోగేమ్ పని వచ్చింది. పాతకాలపు జపాన్ యుద్ధాలు, సమురాయ్ సైన్యాలు, ఎత్తుకు పైఎత్తు వేసే ఆట. అందులోని సైనికుల బొమ్మలను కంప్యూటర్‌లో చరిత్రకు తగ్గట్టు తయారుచేసి ఇవ్వడం మా వంతు. ఇలాంటి ఆటల్లో ప్రతివాడూ కత్తి దూసి పరుగెత్తుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ యుద్ధాల్లో విల్లు, ఈటె, తర్వాత తుపాకీ చేసినంత పని కత్తి చేయలేదు. క్లయింటుతో వాదించి మరీ ఈటెలవాళ్లను ముందు వరుసలో నిలబెట్టించాను.

అసలు చిక్కు హోరోతో వచ్చింది. సేనాపతి కబురు మోసే రౌతు వీపున కట్టుకునే పెద్ద గుడ్డ అది. ఉబ్బి ఉంటుంది కాబట్టి దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. ఆ రౌతును చేసే పని సంజయ్‌కి ఇచ్చాను. ధూల్‌పేట్‌లో వినాయక విగ్రహాలు చేసే ఇంటివాడు, చేతిలో పనితనం ఉంది, మా దగ్గర ట్రయల్‌లో ఉన్నాడు. ఈ రౌతు క్లయింటుకు నచ్చితే ఉద్యోగం ఖాయం. లేదంటే ఇంటికెళ్లి విగ్రహాల పనిలో కూర్చోవాలని వాళ్ల నాన్న ముందే చెప్పేశాడు.

పాత చిత్రాలు చూసి ప్రతి ముడతా అచ్చంగా దించాడు సంజయ్. తర్వాత క్లాత్ సిమ్యులేషన్ పెట్టాం, అంటే గుడ్డ గాలికి ఎలా కదలాలో కంప్యూటరే లెక్కగడుతుంది. గుర్రం పరుగెత్తితే హోరో బ్రహ్మాండంగా ఉబ్బింది. ఆగగానే తడిసిన దుప్పటిలా వేలాడింది. మలుపు తిరిగితే రౌతు మొహానికే చుట్టుకుంది.

క్లయింటు తరఫున బెంగళూరు నుంచి మా పని చూసే కృష్ణమోహన్ గారు వీడియో కాల్‌లో పకపకా నవ్వారు. "ఏంటండీ సుధగారూ, సమురాయ్ వీపు మీద బెలూనా? ఆడేవాళ్లు నవ్విపోతారు. తీసేయండి."

"తీసేది లేదండీ. చరిత్రలో ఉంది. రేపటిదాకా ఆగండి," అన్నాను.

సంజయ్ మొహం చిన్నబోయింది. "పాయె అక్కా నా నౌకరి."

"ఏం పోదు. ఫికర్ చెయ్యకు. పా, డాబా మీదికి పోదాం."

మా అమ్మ పాత చీర అతని భుజాలకు కట్టి, ఎదురుగా కూలర్ ఫ్యాన్ తిప్పాను. చీర వెనక ఇంతెత్తున లేచింది. పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న రజియా ఆపా, "ఏందమ్మా, నాటకం గిట్ల ఏస్తున్రా?" అని అడిగింది. ఫ్యాన్ ఆపాను. చీర జారి సంజయ్ కాళ్లకు చుట్టుకుంది. దాన్ని చూసి అతను నెత్తి కొట్టుకున్నాడు.

"అరె యార్! లోపల కట్టెలేవి అక్కా? మా ఇంట్ల కట్టెలు కట్టకుంట పిడికెడు మట్టి గూడ పెట్టరు. గణపతి నిలవడడు గద! గది మరిచి పైన పైన గుడ్డ చేసిన!"

నిజమే. చిత్రాల్లో కనిపించేది పైగుడ్డ ఒక్కటే. మళ్లీ కూర్చుని పాత హోరోల ఫొటోలు వెతికితే, గుడ్డ కింద వెదురుబద్దల బుట్ట ఉన్నవి దొరికాయి. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఆ రాత్రే సంజయ్ తెర మీద అలాంటి బుట్ట అల్లి, రౌతు గుడ్డ కింద పెట్టాడు.

మర్నాడు కృష్ణమోహన్ గారి ముందు గుర్రం పరుగెత్తింది, గిర్రున తిరిగింది, ఆగింది. హోరో నిండుగానే ఉంది. ఆయన నవ్వలేదు.

"మళ్లీ వేయండి," అన్నారు. చూశారు. "భలే ఉందండీ! ఇది ఉంచేద్దాం. ఎవరు చేశారు?"

సంజయ్ పేరు గట్టిగా చెప్పాను.

ఆట విడుదలయ్యాక సంజయ్ వాళ్ల నాన్న ఒకసారి స్టూడియోకి వచ్చాడు. రౌతును చాలాసేపు చూసి ఒకటే అడిగాడు. "లోపల కట్టెలు కట్టినవా?"

సంజయ్ ఒక మీట నొక్కి గుడ్డ తీసేశాడు. వెదురుబుట్ట కనిపించింది. ఆయన తెరకు దగ్గరగా వంగి ఒక్కో బద్దనూ చూశాడు.

"మంచిగ కట్టినవ్ బిడ్డా. ఇగ ఈడనే చేస్కో," అన్నాడు.

అప్పటి నుంచి ఏ కాలపు సైనికుడు మా దగ్గరికి వచ్చినా, చూడ్డానికి చరిత్రలోలాగే ఉన్నాడా అన్నది తర్వాతి మాట. లోపల కట్టెలున్నాయా అని ముందు అడుగుతాం.