మా బావ గొరిగేసిన గీతలు

పన్నెండేళ్లుగా నేను చాటుగా అడుగుతున్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పని మా బావ, నన్ను తీసేయడం మరిచిపోయిన ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మొన్న కొత్త నియమం ప్రకటించాడు. కోడులో బయటివాళ్లు ముట్టుకోకూడని పేర్లన్నిటికీ ఇకమీదట ముందు ఒక అడ్డగీత ఉండాలట. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఆ గీత మొదట పెట్టింది నేనని కింద రాస్తే ఒక్కరూ పలకలేదు.

ఆత్మకూరు బస్టాండు ఎదుట మేడమీద గదిలో, నేనూ మా అక్క మొగుడూ కలిసి కల్యాణ మంటపాల బుకింగు వెబ్‌సైటు రాసిన రోజులవి. లోపలి సంగతులకు తాళం వేసే వీలు మేము కోడు రాసే భాషలో అప్పటికి లేదు. పేరు ముందు గీత ఉంటే ముట్టుకోకూడదన్నది రాసేవాళ్ల మర్యాద, అంతే. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే మా నాయన, పచ్చి ఆరని చెక్క మీద బొగ్గుతో గీత గీస్తే, మా అవ్వ కూడా దాన్ని కదపకుండా చుట్టూ ఊడ్చేది. ఆ పెంపకంలోంచి వచ్చినవాణ్ణి గనక నేను బుక్కయిన తేదీల జాబితా పేరు ముందు గీత పెట్టాను. తేదీ ఖాళీగా ఉందో లేదో చూసే నా ఫంక్షను, అంటే ఆ పని చేసే కోడు ముక్క, తప్ప ఇంకేదీ అందులో రాయకూడదని దాని అర్థం.

నేను జ్వరంతో ఉదయగిరిలో వారం పడుకుని తిరిగొచ్చేసరికి గీత ఒక్కటీ లేదు.

"ఏంది బామ్మర్దీ, పేర్లకి మీసాలు పెట్టినట్టుండాది. గొరిగేసినాను పో," అని నవ్వాడు.

అంతటితో ఆగకుండా, ఫోనులో అడిగినవాళ్ల కోసం ఇంకో పేజీ రాసి, నా ఫంక్షనును అడగకుండానే జాబితాలో తేదీలు దూర్చాడు. మాఘమాసంలో ఒకే ముహూర్తానికి ఒకే మంటపం ముందు వింజమూరు పెళ్లివారూ కొండాపురం పెళ్లివారూ దిగారు. కొండాపురం పెద్దాయన నా చొక్కా పట్టుకుని, "ఇద్దరు పెండ్లికూతుళ్లని ఒకే పీట మీద కూసోబెట్టమంటావా అబ్బయా?" అన్నాడు. మా బావ నా వైపు వేలు చూపించి, "రాసింది మా బామ్మర్దే, ఆయన్నే అడగండి," అన్నాడు. అక్క ముఖం చూసి నేను నోరు మెదపలేదు. ఆనాటి నుంచి ఆత్మకూరులో నేను జంటపెళ్లిళ్లాయన్ని. ఒక్కరూ నా చేతికి పని ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ భాషలోకే తాళం వచ్చింది. పేరు ముందు హాష్ గుర్తు పెడితే చాలు, బయటినుంచి ఎవరు తాకబోయినా యంత్రమే ఒప్పుకోదు. మంచిదే. కానీ ఒట్టి గీతను చూసి చెయ్యి వెనక్కి తీసుకునే మనిషి ఇక ఎవరికీ అక్కర్లేదు కదా అనుకుంటే మనసు కలుక్కుమంటుంది.

బావా, అక్క ముఖం చూసి ఊరుకున్నది ఇక చాలు. నీ నియమాన్ని మెచ్చుకున్న ఆ గ్రూపులోనే, వాళ్లందరి ముందే చెప్పు: ఆ వారం గీతలు తీసింది ఎవరు?