రంగు పూసిన గువ్వ

"జేజీ, నీకు ఏ పిట్టంటే ఇష్టం?" అని మొన్న ఫోనులో మనవలంతా అడిగారు కదా. నెమలి అంటాననో చిలుక అంటాననో అనుకున్నారేమో. నాకు ఊరపిచ్చుకే ఇష్టం. మా వైపు గువ్వ అంటాం.

అప్పట్లో మేము జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే దారిలో ఒక పల్లెలో ఉండేవాళ్ళం. మట్టి మిద్దె. వసారాలో దూలానికీ గోడకీ మధ్య సందులో ఒక గువ్వల జంట కాపురం. మగదానికి గొంతు కింద నల్లటి మచ్చ, వారం రోజులుగా గడ్డం గీసుకోని పెద్దమనిషిలాగా. అది నడవదు, రెండు కాళ్ళూ కలిపి గెంతుతుంది. గోడకున్న అద్దంలో తననే చూసుకుని పొద్దస్తమానం కొట్లాడేది. అలిసిపోయి కాసేపు ముక్కు తెరుచుకుని కూర్చుని, మళ్ళీ మొదలుపెట్టేది. నేను జొన్నలు చెరుగుతుంటే చాట అంచు మీదికి వచ్చి, తల వంచి ఒక్క కంటితో నన్ను చూసేది. ఆడది దీపం వత్తులకు పెట్టుకున్న దూదంతా ఎత్తుకుపోయేది. రెండూ వాకిట్లో దుమ్ములో పొర్లి గిన్నెల్లాంటి గుంటలు చేసేవి. ఆ గుంటలు వదిలేసి ఊడ్చేదాన్ని.

అవి ఎన్నికల రోజులు. ఊరు రెండు పార్టీలుగా చీలిపోయింది. మేము ఏ పక్కా లేము. ఏ పక్కా లేకపోతే రెండు పక్కలకూ భయపడాలి. ఆ ముందటేడే పులివెందుల దగ్గర మా చిన్నాయన చీనీతోటను, అదే బత్తాయి తోటను, ఒక్క పూటలో మొదలంటా నరికేశారు. మాకున్నదీ ఒక చీనీతోటే. అప్పుడప్పుడే కాపుకొచ్చింది.

ఒక పార్టీ నాయకుడు ఊరికి వస్తున్నాడని అతని మనుషులు కళ్ళంలో వలలు వేసి గువ్వలను పట్టారు. నూలుకు అద్దే రంగు గంగాళంలో కలిపి ఒక్కొక్కదాన్నీ ముంచారు. పార్టీ రంగు. దాని పేరు చెప్పను, చెబితే ఇప్పటికీ నోరు కడుక్కోవాలనిపిస్తుంది. నాయకుడు జీపులో నిలబడి గంప మూత తీశాడు. ఈకలు అట్టకట్టిన గువ్వలు ఎగరలేక దారిలో పడ్డాయి. వెనక జీపులు వాటి మీదుగానే పోయాయి. జనం చప్పట్లు కొట్టారు. ఒకాయన చెప్పుకు అంటుకున్న ఈకలను రాయికేసి రుద్దుకుంటూ నవ్వుతున్నాడు.

మా మగ గువ్వ ఆ సాయంత్రం ఎలాగో ఇల్లు చేరింది. తల నుంచి తోక దాకా అదే రంగు. గూట్లో మూడు పిల్లలు. జల్లెడ మూసి దాన్ని పట్టుకుని కుంకుడు రసంతో కడిగాను. నూలు రంగు కదా, పోలేదు. వదిలేస్తే తిన్నగా పురుగుల వేటకు పోయింది.

మూడోనాడు రెండో పార్టీ మనిషి ఒకడు వచ్చి వసారాలో కూర్చున్నాడు.

"ఏం మామా, మీరు గూడా ఆ పక్క జేరినారంట?" అన్నాడు మీ జేజినాయనతో.

"ఎవురు చెప్పినారబ్బీ? మేం ఏ పక్కా లేం."

"ఇంటి ముందర జెండా ఎగరేసుకోని, లేమంటే ఎట్లా?" అని బట్టలతీగె మీదున్న గువ్వను చూపించాడు.

"అది గువ్వబ్బీ!"

"గువ్వో కాకో, రంగు కనపడ్తాంది గదా. ఊర్లో రంగు గువ్వలన్నీ సచ్చె, మీ ఇంట్లోదే బతికిండాది. మీరే మేపుతాండారని మావోళ్లు శానా కోపంగా ఉండారు. చీనీతోట బాగా కాసిందంట గదా మామా?"

వేళాకోళమనుకుని నేను నవ్వాను. మీ జేజినాయన నవ్వలేదు.

"మే, దోటి తీసకరా," అన్నాడు నాతో.

"గూట్లో పిల్లలుండాయి. పదినాళ్లు ఆగితే అవే ఎగిరిపోతాయి."

"పదినాళ్లు తోట ఉంటాదా?"

దోటి కనపడలేదని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. పెరట్లోకి వెళ్ళి ఆ పొడుగు కర్రను నేనే తెచ్చి ఆయన చేతికిచ్చాను. ఆయన సందులోకి పొడిస్తే గూడు నా దూదితో సహా కింద పడింది. ఇంకా ఈకలు కూడా సరిగా రాని పిల్లలు నోళ్ళు తెరుచుకుని బండ మీద పడ్డాయి. ఒకటి ఆ మనిషి కాలి దగ్గర పడితే చెప్పు కొసతో పక్కకు నెట్టాడు.

"ఇప్పుడు నమ్మినాం మామా. అత్తా, ఎండ శానా ఉండాది, రవ్వన్ని మజ్జిగ ఇయ్యి."

తోట జోలికి ఎవరూ రాలేదు. అది కూడా చెప్పాలి కదా.

మజ్జిగ ఇచ్చాను. వాడు తాగుతుండగా మగ గువ్వ పురుగును కరుచుకుని వచ్చింది. సందు దగ్గర రెండుసార్లు రెక్కలాడించి, తీగె మీద కూర్చుంది. పురుగును మింగలేదు, పారేయలేదు.

"ఉప్పు తక్కువైంది అత్తా," అన్నాడు వాడు.

నేను లోపలికి వెళ్ళి ఉప్పు తెచ్చాను.