కుప్పం అని వినబడిన బస్సు

మదనపల్లెలో ఒక ప్రైవేటు బస్సుల స్టాండులో మైకు కోసం కంప్యూటరు ప్రోగ్రాం రాసిచ్చాను. గుమాస్తా ఊరి నంబరు నొక్కితే, ఆ ఊరి బస్సు బయలుదేరుతోందని మైకు చెబుతుంది. ఇలాంటి చోట ‘ఇదైతే, కాకపోతే అదైతే’ అని బారెడు పొడవున రాసేవాళ్లంటే నాకు చిరాకు. ప్రోగ్రాంలో ‘స్విచ్’ అనే పద్ధతి వాడితే ఊరికో ‘కేసు’, చూడటానికే ముచ్చటగా ఉంటుంది. కాకపోతే ప్రతి కేసు చివరా బ్రేక్ అని రాయాలి. రాయకపోతే కంప్యూటరు ఆగదు, కిందున్న కేసు పని కూడా చేసేస్తుంది.

మొన్న పుంగనూరు బస్సెక్కి, మైకు వింటూ మురిసిపోతున్నాను. పుంగనూరు అన్నాక కుప్పం అని కూడా వినబడింది. కుప్పం బస్సులు కూడా పుంగనూరు మీదుగానే పోతాయి కాబట్టి నాకేమీ తేడాగా తోచలేదు.

ఊరు దాటాక కండక్టరు వచ్చాడు. నా పక్కనున్న పెద్దావిడ కుప్పానికి టికెట్టు అడిగింది.

“ఇది పుంగనూరుతో సరి. కుప్పం బస్సు ఆడనే నిలబడుండాది కదమ్మా.”

“మైకులో కుప్పమనే చెప్పిరప్పా. నా బిడ్డను కాన్పు ఆపరేషనుకు తీసకపోతాండారు. నేను కనబడితే గానీ దానికి ధైర్యం రాదు.”

“చెవులు బాగుండాయా నీకు?”

బస్సంతా నవ్వింది. పుంగనూరు కేసు చివర బ్రేక్ రాయలేదని నాకప్పుడు తట్టింది. దాని కిందున్నది కుప్పం. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆమె మాత్రం తను విన్నదేమిటో గుర్తు చేసుకుంటూ చెవి తడుముకుంటోంది. ఇక ఉండబట్టలేదు.

“ఆయమ్మ తప్పు లేదన్నా. మైకులోనే తప్పుండాది. దాన్ని రాసింది నేనే.”

కండక్టరు నన్ను ఎగాదిగా చూశాడు. ఆమె నా చేతి మీద చెయ్యేసింది.

“యాలప్పా నా కోసరం నింద మోస్తావు? మైకులో మాట్లాడింది ఆడమనిషి కదా.”

మళ్లీ నవ్వారు. అది రికార్డు చేసిన గొంతని, తప్పు దాని వెనకుందని ఎంత చెప్పినా, మంచివాడివిలే అన్నట్టు తలూపింది. ఇంతలో ఆమె ఫోను మోగింది. కూతురు. అమ్మ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కుంటోంది.

“నాకే సరిగ్గా యినబడలేదు పాపా,” అందామె. “వయసైపోయింది. నువ్వు భయపడొద్దు, లోపలికి పో.”