అక్క తెచ్చిన ఐసు

మా అక్క కెమిస్ట్రీ టీచరు. నేను అదే బడిలో లెక్కలు చెప్పేదాన్ని. పిల్లలు అక్కకు చాటుగా పెట్టిన పేరు ఐసు మేడం. ఏటా ల్యాబులో పిల్లల చేత అజో రంగు చేయించే రోజున ఇంటి నుంచి ఐసు డబ్బా చంకన పెట్టుకుని వచ్చేది మరి.

అనిలీన్‌ను ఆమ్లంలో కలిపి, బీకరును ఐసులో కూర్చోబెట్టి, నైట్రైట్ ద్రావణం బొట్టు బొట్టుగా వెయ్యాలి. చల్లచల్లగా ఉన్న దాన్ని బీటా నాఫ్తాల్‌లో పోస్తే కళ్ళు చెదిరే నారింజ ఎరుపు వస్తుంది. "దీనికి కోపం ఎక్కువర్రా, కాస్త వేడి తగిలినా అలిగి కూర్చుంటుంది" అనేది అక్క.

అక్కకు పెళ్ళీ పిల్లలూ లేరు. ఉన్నదల్లా ఆ ల్యాబే. దాన్ని తీసేసి కంప్యూటర్ గది చేస్తామంది యాజమాన్యం. "ఒక్కసారి వచ్చి చూడండి, ఆ తర్వాత మీ ఇష్టం" అని అక్క కాళ్ళావేళ్ళా పడితే, చూసి తేల్చడానికి ఒక పెద్దమనిషిని పంపారు.

ఆయన ఎండలో పడి చెమటలు కక్కుతూ దిగాడు. మా హెడ్మాస్టరు కంగారుపడి, ఆయనకు రంగు చేసి చూపడానికి అక్క డబ్బాలో తెచ్చి ఉంచిన ఐసంతా కూల్‌డ్రింకులో వేయించాడు. అక్క వచ్చి చూస్తే డబ్బా అడుగున నీళ్ళు.

"ఐసేది సార్?"

"ఐసే కదా మేడం! కుళాయి నీళ్ళతో కానిచ్చేయండి. ఆయనకి టైం లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ హెడ్మాస్టరు మహానుభావుడు ఒకప్పుడు అక్క దగ్గరే చదువుకుని, ఇదే రంగు చేసి గంతులేసినవాడే. ఐసు లేకపోతే ఏమవుతుందో తెలియదూ?

చెయ్యకపోతే ల్యాబు ఎలాగూ పోతుంది. అక్క కానిచ్చింది. బీకరులో బుడగలు పొంగాయి. చివరికి తేలింది గోధుమ రంగు మడ్డి.

"ఇన్నేళ్ళూ పిల్లలకు నేర్పింది ఇదేనా?" అన్నాడు పెద్దమనిషి గ్లాసు ఆడిస్తూ.

"దీని ఐసు మీ గ్లాసులో ఉందండీ" అంది అక్క.

అందరూ పగలబడి నవ్వారు. హెడ్మాస్టరు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వును నేను చచ్చేదాకా క్షమించను. అక్క బీకరు కడుక్కుంది.

నెల తిరక్కుండా ల్యాబు బల్లలు పీకేసి కంప్యూటర్లు దించారు. అక్క మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. కంప్యూటర్లకు వేడి పడదని హెడ్మాస్టరు దగ్గరుండి ఆ గదికి ఏసీ పెట్టించాడు.