ఎల్లారెడ్డి బస్టాండుల ఒక్కపొద్దు

“దేవునికి పొద్దుగాల్నే పాలు పోస్తరు. నాకు ఇంత చాయ్ తాగనియ్యవా?” అన్నడు.

“నోరు మూసుకొని కూసో. గుడి చూసినంకనే ఏదన్నా,” అన్న నేను.

మా ఇంటాయన, నేను మాట్లాడుకున్న ఆఖరి మాటలు గివ్వే. ఎల్లారెడ్డి బస్టాండుల. నాకు సంతకం తప్ప రాయరాదు. నేను చెప్తుంటే మా తమ్ముని బిడ్డ రాస్తున్నది.

అప్పుడు కామారెడ్డి ఇంకా నిజామాబాద్ జిల్లాలనే ఉండె. మేం కామారెడ్డిల బీడీలు చేసేటోళ్ళం. ఆయనకు సుగరు. కాలికి పుండయ్యి ఆర్నెల్లు మానలే. అది మానితే ఇద్దరం ఒక్కపొద్దుండి, మంచినీళ్ళు గూడ ముట్టకుండ వచ్చి నీ మొఖం చూస్తమని శివునికి మొక్కిన. నేనే మొక్కిన, ఆయనను అడుగలే. పుండు మానింది.

పాత శివుని గుళ్ళకు పోవాల్నంటే అందరు ఎల్లారెడ్డిల దిగుడే. అక్కడికెళ్ళి ఇంకో బస్సు. ఊరు చిన్నది గని, సోమవారం వచ్చిందంటే బస్టాండు నిండ కొబ్బరికాయల సంచులు, గుండ్లు చేయించుకున్న పిల్లలు. మేం దిగేవరకు బస్సు ఎల్లిపోయింది. మల్ల మధ్యాహ్నమే అన్నరు.

పొద్దుగాల ఆయన సుగరు గోలి ఏసుకున్నడు. గోలి తిండి గాదు గద, మొక్కు చెడదు అనుకున్న. గోలి ఏసుకొని తినకుంటే పానం మీదికొస్తదని నాకేం ఎరుక? డాక్టరు చెప్పిండేమో, మేం ఇనలేదేమో.

చాయ్ మాట అయినంక చాన సేపు ఉలుకు పలుకు లేదు. అలిగిండనుకున్న. చూస్తే ఒళ్ళంత చెమటలు. చేతులు వణుకుతున్నయి, తల ఊగుతున్నది. పక్కన కూసున్న ఒక అవ్వ లేసి, “స్వామి వచ్చిండే నీ మొగని మీదికి! ఏం జూస్తున్నవ్, విభూతి వెట్టు!” అన్నది. పెట్టిన. కాళ్ళ మీద పడి, “తప్పయితే కాయి తండ్రీ,” అన్న. ఆడోళ్ళంత చుట్టు నిలవడి దండాలు వెట్టిండ్రు. ఒకామె అయితే, “మా బిడ్డ పెండ్లెప్పుడైతది స్వామీ?” అని అడుగుతనే ఉన్నది.

ఎదురుంగ చాయ్ హోటల్ సాయిబు ఉరికొచ్చిండు. “అరే అమ్మా, స్వామి గాదు, సుగరు పడిపోయింది! మా అన్నకు గిట్లనే అయితది. జరుగుండ్రి!” అని చక్కెర నీళ్ళు నోట్ల పోసిండు. మింగుడు పడలే. చెంప మీదికెళ్ళి కారిపోయినయి. జీపుల ఏసుకొని కామారెడ్డి దవాఖానకు తెచ్చినం. కండ్లు తెరువలే. రెండోనాడు పోయిండు.

తెల్వక చేసినవు, నీదేం తప్పు లేదని అందరు అన్నరు. గని ఆయన అడిగిండు గద. నోరు తెరిచి అడిగిండు. బతికినన్నాళ్ళు నా మాట ఒక్కటి ఇననోడు, ఆనాడు ఇన్నడు.

ఇగ సదువు బిడ్డా, నిదానంగ సదువు. నా మీద పావురంతోని, ప్రేమతోని నా తప్పు తక్కువ జేసి రాసినవేమో, వింట.